ఏం కాలేదులే అన్నావు

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. అన్నం తిన్నావా అంటే తిన్నాను అన్నంత తేలిగ్గా ఒక సంగతి చెప్పావు. శుక్రవారం నైట్ డ్యూటీలో ఆరో బెడ్ ఆవిడకి ఎక్కించాల్సిన యాంటీబయాటిక్‌ని తొమ్మిదో బెడ్ ఆవిడకి ఎక్కించేశావని. ఇద్దరూ లక్ష్ములే. "తెల్లారేదాకా కనిపెట్టుకునే ఉన్నానమ్మమ్మా, ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేవలేదు. ఏం కాలేదులే. ఎవరికీ చెప్పలేదు" అన్నావు. ఆ వెంటనే హాస్టల్లో సాంబారు నీళ్లలా ఉంటోందని చెప్పుకొచ్చావు.

నేను సాంబారు మాటకి ఊఁ కొట్టి పెట్టేశాను. అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు. ఎందుకు రాలేదో కూడా ఇందులో రాస్తాను. నాలుగింటికి లేచి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నా. అయ్యాక ఫొటోలు తీసి నీ వాట్సాప్‌లో పెడతాను. నువ్వొక్కదానివే ఉన్నప్పుడు చదువుకో.

ముందు నువ్వన్న మాట చూద్దాం. ఏం కాలేదు అన్నావు. తొమ్మిదో బెడ్ ఆవిడ సంగతి చూసుకున్నావు, మంచిదే. మరి ఆరో బెడ్ ఆవిడ? ఆమెకి ఆ రాత్రి డోసు పడలేదు. కానీ ఆమె మందుల చార్టులో పది గంటల డోసు ఎదురుగా నీ సంతకం ఉంటుంది, అవునా? మర్నాడు రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు జ్వరం చార్టు చూస్తారు, మందుల చార్టు చూస్తారు. వేళకి మందు పడుతున్నా జ్వరం దిగలేదంటే ఈ మందు పనిచెయ్యట్లేదనుకుంటారు. ఇంకాస్త గట్టిది రాస్తారు. ఆ గట్టి మందు ఆమె కిడ్నీల మీద పడొచ్చు. డాక్టరుగారిని తప్పుపట్టడానికి లేదు, ఆయన నువ్వు రాసింది నమ్మాడు. ఇక తొమ్మిదో బెడ్ ఆవిడ. కొందరికి దద్దుర్లు ఆ రాత్రే లేవవు, వారం దాకా పట్టొచ్చు. విరేచనాలు పట్టుకుంటే ఏ మందువల్లో ఎవరికీ అంతు చిక్కదు, ఆమె చార్టులో అసలు ఆ మందే లేదు కాబట్టి.

చేతులు ఎవరికైనా పొరబడతాయి తల్లీ. ముప్ఫై ఆరేళ్లు సర్కారు ఆసుపత్రుల్లో తెల్లచీర కట్టి తిరిగినదాన్ని, నా చేతులూ పొరబడ్డాయి. ఆ కథ మీ తాతయ్యకి కూడా తెలియదు. ఇప్పుడు నీకే చెబుతున్నాను.

1983. ఉద్యోగంలో చేరి రెండేళ్లు. జిల్లా ఆసుపత్రిలో మగాళ్ల వార్డు, రాత్రిపూట నలభై మందికి నేనొక్కదాన్నే. పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసే ఒక పెద్దాయన కాలి పుండుతో చేరాడు, చక్కెర జబ్బు. ఆ రోజుల్లో ఇన్సులిన్ రెండు రకాల బుడ్లలో వచ్చేది. మిల్లీలీటరుకి 40 యూనిట్లది ఒకటి, 80 యూనిట్లది ఒకటి. మా వార్డుకి ఎప్పుడూ 40దే వచ్చేది. ఆ సాయంత్రం స్టోర్ నుంచి వచ్చిన బుడ్డి మీద నేను అంకె చూడలేదు. అలవాటైన గీత దాకా లాగాను, పొడిచాను. ఆయనకి పడాల్సిన దానికి రెండింతలు పడింది.

అర్ధరాత్రి ఆయన భార్య పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఈయన ఏందోగా మాట్లాడుతున్నాడు, చొక్కా అంతా తడిసిపోయింది" అంది. డ్యూటీ డాక్టరు వచ్చి 25 శాతం డెక్స్ట్రోజ్ నరంలోకి ఎక్కించాడు. పది నిమిషాల్లో పెద్దాయన కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు. ఆ పది నిమిషాల్లోనే నేను ట్రేలో ఉన్న బుడ్డి తీసి చూశాను. 80. మళ్లీ దాన్ని అక్కడే పెట్టాను. డాక్టరు ఆమెను "రాత్రి అన్నం తిన్నాడా?" అని అడిగాడు. "సగం తిన్నాడయ్యా" అంది. ఆహారం తక్కువ తీసుకోవడం వల్ల అని కేస్ షీట్‌లో రాశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

పొద్దున పెద్ద డాక్టరుగారు అది చదివి ఇన్సులిన్ సగానికి తగ్గించారు. అప్పట్లో వార్డులో చక్కెర చూడాలంటే మూత్రంలో బెనెడిక్ట్ ద్రావణం కలిపి పరీక్షనాళికలో మరిగించడమే. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది, కొంచెం ఉంటే పచ్చన, బాగా ఉంటే ఇటుక రంగు. ఆ మర్నాటి నుంచి ఆయనది రోజూ ఇటుక రంగే. మరిగించేది నేనే, రాసేది నేనే. మళ్లీ ఎక్కడ స్పృహ తప్పుతాడోనని డాక్టర్లు భయపడి రెండేసి యూనిట్లు పెంచుకుంటూ వచ్చారు. "ఆయనకేం కాదు సార్, ఆ రోజు పడింది రెండింతలు" అని ఒక్కమాట నేనంటే పాత డోసు ఆ పొద్దునే తిరిగి మొదలయ్యేది. పుండు నల్లబడింది. మోకాలి కింద తీసేశారు.

ఆ కాలు నావల్లే పోయిందని రుజువు చెయ్యలేను. అంతకుముందే పుండు బాగా ముదిరి ఉంది. కాదని కూడా చెప్పలేను. నలభై ఏళ్లుగా ఈ రెండు మాటల మధ్యే తిరుగుతున్నాను.

ఇంటికి పోయే రోజు ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నీ చేతి చలవ తల్లీ, ఆ రాత్రి నువ్వు లేకపోతే ఈయన లేడు" అంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి దేవుడికి చెప్పుకున్నాను. ఆయనకి మాత్రం చెప్పలేదు. దేవుడికి నేను చెప్పకపోయినా తెలుసు. తెలియనిది ఆ పెద్దాయనకి.

చూశావా, నేను చేసిన పొరపాటు పది నిమిషాల్లో డెక్స్ట్రోజ్‌తో సరిపోయింది. ఆ తర్వాత జరిగిందంతా నేను నోరు మూసుకోవడం వల్ల. ఇంకొకటి కూడా ఉంది. ఆ 40 బుడ్డీ, 80 బుడ్డీ ఆ తర్వాత కూడా ఒకే ట్రేలో ఉన్నాయి. నా తర్వాత డ్యూటీకి వచ్చిన పిల్ల కూడా అదే ట్రేలో చెయ్యి పెట్టింది. చెప్పి ఉంటే ఆ రెండింటినీ విడదీసేవాళ్లు. మీ ఆసుపత్రిలో పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్ విడిగా తాళంలో పెడతారన్నావు కదా. అవి చూడటానికి డిస్టిల్డ్ వాటర్‌లానే ఉంటాయి, కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఆ తాళం ఊరికే పడలేదమ్మా. ఎక్కడో ఎవరో పొరబడి, ఆ సంగతి బయటికి చెప్పారు గనక పడింది. మీ వార్డులో ఆ ఇద్దరు లక్ష్ములూ ఈ రాత్రికి కూడా అక్కడే ఉంటారు. ఈ రాత్రి డ్యూటీకి ఇంకో అమ్మాయి వస్తుంది.

ఇన్సులిన్ మాట వచ్చింది గనక మరచిపోకముందే రాస్తాను. ఇప్పుడు 80ది లేదు కానీ 100ది వచ్చింది. మన దగ్గర వయల్ ఎక్కువగా 40ది, పెన్నులోది 100. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. పెన్ను పనిచెయ్యలేదని అందులోంచి మందు ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. ఎంత తొందరున్నా అంకె చదువు. పైకి చదువు.

నువ్వెందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఆర్నెల్లు ప్రొబేషన్, చదువు కోసం తీసిన లోను, మీ ఇన్‌చార్జి సిస్టర్ నోరు. దాంతోపాటు అటెండెంట్ల భయం. మన రెండు రాష్ట్రాల్లో ఆసుపత్రుల్లో అద్దాలు పగలగొట్టడం, డాక్టర్ల మీద చెయ్యి చేసుకోవడం నేనూ కళ్లారా చూశాను. ఉమ్మడి రాష్ట్రంలోనే 2008లో దానికి చట్టం తెచ్చారు. చట్టం వార్డు గుమ్మం దగ్గర కాపలా ఉండదు, నిజమే. చెప్పినవాళ్లకి ఎప్పుడూ మేలే జరుగుతుందని నేను అబద్ధం చెప్పను.

2017 డిసెంబరులో అమెరికాలోని నాష్‌విల్‌లో ఏం జరిగిందో మీ క్లాసులో చెప్పే ఉంటారు. మెదడులో రక్తస్రావమై కోలుకుంటున్న 75 ఏళ్ల పెద్దావిడ. స్కానింగ్‌లో భయపడకుండా ఉండటానికి వెర్సెడ్ అనే మందు రాశారు. మందులిచ్చే మెషిన్‌లో నర్సు ఆ పేరులోని మొదటి రెండు అక్షరాలు కొట్టింది. చేతికొచ్చింది వెకురోనియం. ఊపిరి తీసే కండరాలతో సహా అన్నిటినీ చచ్చుబడేలా చేసే మందు. వెర్సెడ్ ద్రవం, ఇది నీళ్లు పోసి కలపాల్సిన పొడి. మూత మీద హెచ్చరిక కూడా ఉంది. ఇన్ని గుర్తులున్నా ఆమె చెయ్యి ఆగలేదు. పెద్దావిడ మర్నాడు పోయింది. ఆ నర్సు తెలిసిన వెంటనే ఒప్పుకుంది. ఆసుపత్రి మాత్రం మరణాన్ని విచారించే అధికారికి ఈ మందు సంగతి చెప్పలేదు. 2018 చివర్లో ప్రభుత్వ తనిఖీతో బయటపడింది. నర్సు లైసెన్సు పోయింది. 2022లో కోర్టు ఆమెను దోషిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ శిక్ష వేసింది. ఇక ఎవరూ తప్పు ఒప్పుకోరేమోనని అక్కడి నర్సుల సంఘమే ఆందోళన పడింది.

ఆ తీర్పు వచ్చిన రోజు నేను చాలాసేపు ఆలోచించాను. ఆమెకి శిక్ష పడింది, నాకు పెన్షన్ వస్తోంది. ఆమె చెప్పింది, నేను చెప్పలేదు. ఇది న్యాయం కాదు. అయినా నన్నెవరైనా మళ్లీ ఆ రాత్రి వార్డులో నిలబెడితే నేను ఆమె చేసిన పనే చేస్తాను.

అదే దేశంలో ఇంకో దారి కూడా పట్టారు. మిషిగన్ యూనివర్సిటీ ఆసుపత్రుల్లో 2001 నుంచి, పొరపాటు మాదైతే మేమే ముందుగా చెబుతాం, క్షమాపణ అడుగుతాం, పరిహారం మేమే ఇస్తాం అని పద్ధతి పెట్టుకున్నారు. కేసులు పెరుగుతాయని వకీళ్లు భయపడాల్సిన చోట కేసులు తగ్గాయి. నాకది వింతగా అనిపించలేదు. మన హైదరాబాదులోనే ఒకాయన ఉన్నాడు, మలేరియా శాఖలో ఉద్యోగి. 2002లో చలిజ్వరంతో భార్యను ఆసుపత్రిలో చేర్చాడు. మలేరియా అయితే టైఫాయిడ్‌కి వైద్యం చేశారు. ఆమె దక్కలేదు. జిల్లా ఫోరంలో గెలిచాడు, పైన ఓడాడు, ఇంకా పైన ఓడాడు. 2010లో సుప్రీంకోర్టు ఆయనవైపు తీర్పిచ్చింది. దక్కిన పరిహారం 2 లక్షలు. 2 లక్షల కోసం ఎవరైనా ఎనిమిదేళ్లు తిరుగుతారా అమ్మలూ?

రోగి వైపు వాళ్లు కూడా మనకి చెబుతుంటారు, మనం వినం. జోసీ కింగ్ అని ఏడాదిన్నర పాప. 2001లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వేడినీళ్లకి కాలిన గాయాలతో చేరి, దాదాపు నయమై, ఇంటికి పోవాల్సిన రోజుల్లో చనిపోయింది. ఒంట్లో నీరు ఇంకిపోయింది, దానికితోడు ఇవ్వకూడని నొప్పిమందు పడింది. తల్లి సోరెల్ కింగ్ చెబుతూనే ఉంది, పాపకి దాహంగా ఉంది, తడిగుడ్డ కూడా చప్పరిస్తోంది అని. చార్టులో అంకెలు బాగున్నాయని వినలేదు. ఆ తల్లి పరిహారంగా వచ్చిన సొమ్ములో కొంత తీసి అదే ఆసుపత్రిలో రోగుల భద్రత కోసం ఇచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న చోటే! అంత పెద్ద మనసు నేనెక్కడా చూడలేదు. అందుకే చెబుతున్నాను, "ఈ మాత్ర రోజూ ఇచ్చే రంగు కాదమ్మా" అని ఏ ముసలమ్మయినా అంటే "మీకేం తెలుసు, మింగండి" అనకు. ఆగి, వెనక్కి వెళ్లి, చార్టు చూసి రా. నా సర్వీసులో అలా ఆపిన ముసలమ్మలు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లన్నది ప్రతిసారీ నిజమైంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆసుపత్రి గడప తొక్కిన ప్రతి పదిమందిలో ఒకరికి వైద్యంవల్లే ఏదో ఒక హాని జరుగుతోంది. అందులో సగానికి పైగా తప్పించగలిగినవే. నీ వార్డులో ముప్ఫై బెడ్లన్నావు, లెక్క నువ్వే వేసుకో. ఆ హాని చావే కానక్కర్లేదు. ఇంకో వారం బెడ్ మీదే ఉండటం కూడా హానే. కూలికి పోయే మనిషికి వారం అంటే బియ్యం. ఆమెను కనిపెట్టుకుని ఉండటానికి కూతురు పని మానుకుని వరండాలో చాప మీద పడుకుంటుంది. ఒక్కొక్కరికి ఇంజెక్షన్ అంటేనే వణుకు పట్టుకుని, ఆ తర్వాత ఎంత జబ్బొచ్చినా ఆసుపత్రి మొహం చూడరు. అవి ఏ కేస్ షీట్‌కీ ఎక్కవు.

ఇక పేర్ల సంగతి. మన వార్డుల్లో లక్ష్ములకీ వెంకటేశ్వర్లకీ కొదవుండదు. "మీరు లక్ష్మిగారేనా?" అని అడక్కు. నిద్రమత్తులో ఉన్నవాళ్లు, చెవులు వినపడనివాళ్లు, నర్సమ్మకి ఎదురుచెప్పడమెందుకనుకునేవాళ్లు, అందరూ "ఆఁ" అంటారు. "మీ పేరు చెప్పండమ్మా, ఇంటిపేరుతో" అని అడుగు. వాళ్ల నోటి నుంచి రావాలి. చేతి పట్టీ మీద ఐపీ నంబరు చార్టుతో కలుపు. మనుషుల్ని బెడ్ నంబర్లతో పిలవడం మానెయ్యి. రాత్రికి రాత్రి బెడ్లు మారుస్తారు, నంబరు మంచానికి ఉంటుంది కానీ మనిషికి ఉండదు. మందు కలిపేటప్పుడు ఫోన్ మోగినా, ఎవరు పిలిచినా తల తిప్పకు. "ఒక్క నిమిషం" అను. కోపగించుకుంటే కోపగించుకోనీ.

నీకు ఈ రోజు మధ్యాహ్నం రెండింటి డ్యూటీ అన్నావు. పన్నెండున్నరకే వెళ్లు. పొద్దున డ్యూటీలో డాక్టరుగారు ఇంకా ఉంటారు. ముందు ఇద్దరు లక్ష్ములనీ చూడు. తొమ్మిదో ఆవిడ ఒళ్లు, ఆరో ఆవిడ జ్వరం. ఆ తర్వాత డాక్టరుగారి దగ్గరికి, అక్కడి నుంచి ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరికి. చుట్టూ తిప్పకు. "శుక్రవారం రాత్రి పది గంటల డోసు నేను పొరపాటున ఆరో బెడ్ ఆవిడకి బదులు తొమ్మిదో బెడ్ ఆవిడకి ఎక్కించాను. ఆరో బెడ్ ఆవిడకి పడలేదు. పడినట్టు సంతకం చేశాను. మూడు రోజులు చెప్పలేదు." ఈ నాలుగు మాటలే. పనెక్కువైందనీ, ఇద్దరి పేరూ ఒకటేననీ తర్వాత చెప్పుకోవచ్చు, అవి కూడా చెప్పాల్సినవే, కానీ మొదట ఇవి. ఇన్సిడెంట్ రిపోర్ట్ ఫారం ఉంటుంది, అడిగి రాయి. చార్టులో దిద్దేటప్పుడు వైట్‌నర్ పెట్టకు, పాతది కనపడకుండా కొట్టెయ్యకు, కాగితం మార్చకు. పాత రాత కనపడేలా ఒక్క గీత గీసి, పక్కన జరిగింది రాసి, ఈ రోజు తేదీ, టైము, సంతకం. శుక్రవారమే రాసినట్టు రాశావో, అది రెండో అబద్ధం అవుతుంది.

ఆ ఇద్దరికీ, వాళ్ల మనుషులకీ డాక్టరుగారితో కలిసి చెప్పండి. ఒంటరిగా వెళ్లకు. కూర్చుని చెప్పండి, నిలబడి కాదు. ఏం జరిగిందో, ఇప్పుడేం చూస్తున్నారో, దేనికి కనిపెట్టుకుని ఉండాలో. క్షమించమని అడుగు. వాళ్లు అరవొచ్చు, అరిచే హక్కు వాళ్లకుంది. నీకు ఏడుపొస్తే రానీ. వాళ్ల చేత ఓదార్పు మాత్రం చెప్పించుకోకు.

మీ సిస్టర్ తిడుతుంది. మెమో ఇస్తారేమో. ఉద్యోగమే తీసేస్తే సర్దుకుని ఇంటికి రా. లోను వాయిదాలు నా పెన్షన్‌లోంచి కడతాను, మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. అదొక్కటే నీ గుండెల్లో అడ్డంగా ఉంటే దాన్ని ఇప్పుడే తీసెయ్యి.

ఆరున్నరైంది, మీ తాతయ్య లేచాడు. కాఫీ పెట్టి ఆయనకి 1983 సంగతి చెబుతాను. నీకు చెప్పమని రాస్తూ నేను దాచుకుని ఉండలేను.

డ్యూటీ దిగాక ఫోన్ చెయ్యి. తొమ్మిదైనా పదైనా మెలకువగానే ఉంటాను. ఆరో బెడ్ లక్ష్మమ్మకి జ్వరం దిగిందో లేదో ముందు అది చెప్పు.

అమ్మమ్మ